ఇంటిపేరు అర: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో కొంతమంది చదువరులం కలిసి నడుపుకుంటున్న చిన్న పుస్తకాల గదిలో 'ఇంటిపేరు అర' అని ఒకటుంది. దాని గురించి వచ్చినవాళ్లంతా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాసి పెడుతున్నాం. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఊళ్లలో ఇలాంటి అర పెట్టుకోవాలనుకునేవాళ్లకు కూడా పనికొస్తాయని ఆశ.

ఇంటిపేరు అర అంటే ఏమిటి?

ఒకే ఇంటిపేరున్న రచయితల పుస్తకాలను, అవి దేని గురించైనా సరే, పక్కపక్కన పెట్టే అర. మామూలు గ్రంథాలయంలో నవలలది ఒక బీరువా, చరిత్రది ఇంకో బీరువా. నవలల కోసం వచ్చినవాళ్లు చరిత్ర బీరువా వైపే పోరు. చరిత్ర చదివేవాళ్లలో చాలామందికి కథలంటే కాలక్షేపమని ఒక చిన్నచూపు. ఈ రెండు గుంపులనూ ఒక అర ముందు నిలబెట్టడమే మా ఉద్దేశం.

నెలకో ఇంటిపేరు తీసుకుంటాం. ఆ పేరు మీద కథో నవలో ఒకటి ఉండాలి. చరిత్రో, జీవితచరిత్రో, భాషాచరిత్రో ఒకటి ఉండాలి. ఇంటికి తీసుకెళ్లేవాళ్లు రెండూ కలిపే తీసుకెళ్లాలి. నియమం అంటే ఇదొక్కటే.

ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చింది?

కొండ మీది నుంచే. తిరుమల గుళ్లో హుండీకి ఎదురుగా ఒక చిన్న రాతి గది ఉంది. సంకీర్తన భాండాగారం అంటారు, తాళ్లపాకం అర అని కూడా అంటారు. అన్నమయ్య, ఆయన కొడుకు పెదతిరుమలాచార్యులు, మనవడు చినతిరుమలాచార్యులు రాసిన సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి అందులో దాచారు. అవి 1922 ప్రాంతంలో మళ్లీ వెలుగు చూశాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పెద్దలు వాటి మీద ఏళ్ల తరబడి పనిచేశారు, దేవస్థానం అచ్చు వేయించింది.

ఒక ఇంటిపేరు మీద కట్టిన అర అది. మూడు తరాల రాత ఒక్క గదిలో ఉండబట్టి ఒక్కసారిగా బయటపడింది. హుండీలో ముడుపు వేసి ముందుకు కదిలే జనంలో ఆ గది వైపు తలతిప్పి చూసేవాళ్లు తక్కువ. ఈసారి దర్శనానికి వెళ్లినప్పుడు తప్పకుండా చూడండి.

ఒకే ఇంటిపేరు ఉందంటే అందరూ చుట్టాలేనా?

కాదు. మన ఇళ్లపేర్లలో చాలా వాటికి మూలం ఊళ్లే. ఒక ఊరి నుంచి పది కుటుంబాలు పది దిక్కులకు పోయి అదే ఊరి పేరు పెట్టుకుని ఉంటాయి. పైగా ఒకే పేరున్న ఊళ్లు కూడా ఒకటికి రెండుంటాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి, సినిమా పాటల వేటూరి సుందరరామమూర్తి మటుకు ఒక ఇంటివారే, ఇద్దరిదీ కృష్ణా జిల్లా పెదకళ్లేపల్లి. అందరి విషయంలో అలా ఉండదు. చుట్టరికం ఉంటే సంతోషం, లేకపోయినా అరలో చోటు ఉంటుంది.

ఇంటిపేరు పట్టుకుని పుస్తకాలు వెతకడం అంటే కులం వెతికినట్టు కాదా?

ఇది అందరికన్నా ఎక్కువగా కాలేజీ పిల్లలు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఇంటిపేరు చెప్పగానే 'మీరేమోళ్లు?' అని రెండో ప్రశ్న వచ్చే చోట బతుకుతున్నాం కాబట్టి ఈ జవాబు కాస్త వివరంగా చెప్పాలి.

మా అరలో మొదటి నుంచీ ఉన్న ఇంటిపేరు చిలుకూరి. చిలుకూరి వీరభద్రరావు గారి 'ఆంధ్రుల చరిత్రము' మొదటి భాగం 1910లో వచ్చింది. ఆంధ్రుల చరిత్రను తెలుగులో ఇంత విస్తారంగా రాసిన తొలి పుస్తకాల్లో అది ఒకటి. శాతవాహనులు, ఇక్ష్వాకులు, పల్లవులు, చాళుక్యులు, వాళ్ల శాసనాలు, వాళ్ల యుద్ధాలు వరసగా నడుస్తాయి. దాని పక్కన చిలుకూరి నారాయణరావు గారి 'ఆంధ్ర భాషా చరిత్ర' ఉంటుంది, 1937 నాటిది. తెలుగు ద్రావిడ భాష కాదని, ప్రాకృతం నుంచి వచ్చిందని ఆయన గట్టిగా వాదించారు. తర్వాతి భాషాశాస్త్రవేత్తలు ఆ వాదాన్ని ఒప్పుకోలేదు. అయినా మాటలను, వాటి రూపాలను ఆయన పోగుచేసిన తీరు కోసం ఆ పుస్తకం చదవాలి.

ఈ రెండింటి పక్కన చిలుకూరి దేవపుత్ర గారి 'పంచమం' నవల ఉంటుంది. దేవపుత్ర గారిది అనంతపురం జిల్లా. దళితుల బతుకు, వాళ్లు పడ్డ అవమానం, వాళ్ల తిరుగుబాటు ఆ నవల నిండా ఉంటాయి. రాజవంశాల పేర్లతో పేజీలకు పేజీలు నిండిన చరిత్ర చదివి, వెంటనే ఆ రాజులెవరూ తొంగి చూడని వాడల కథ చదివి చూడండి. 'ఆంధ్రుల చరిత్ర' అన్న మాటలో ఎవరెవరు ఉన్నారు, ఎవరు లేరు అన్న ప్రశ్న ఎవరూ చెప్పక్కర్లేకుండా మీకే వస్తుంది. ఇంటిపేరు చూసి మనిషి కులం తేల్చేయొచ్చు అనుకునేవాళ్లకు ఈ మూడు పుస్తకాలకు మించిన జవాబు లేదు. అందుకే మా దగ్గరికి కొత్తగా వచ్చినవాళ్లకు ముందు చిలుకూరి అరే చూపిస్తాం.

రచయిత కులం ఏమిటని మా దగ్గర అడగొద్దు. పుస్తకంలో కులం గురించి ఏం రాశారో ఎంతసేపైనా మాట్లాడుకుందాం.

కథ, చరిత్ర రెండూ చదవాలని పట్టుబట్టడం దేనికి?

రెండూ ఒకే ఇంట్లో పుట్టినప్పుడు ఏం జరుగుతుందో తాళ్లపాక వారిని చదివితే తెలుస్తుంది. మొదటి రాగిరేకు మీద అన్నమయ్య వివరం క్లుప్తంగా ఉంది. అక్కడి శక సంవత్సరాలను క్రీస్తుశకానికి మార్చుకుంటే, ఆయన పదహారో ఏట, 1424లో సంకీర్తనలు మొదలుపెట్టారని, 1503లో కన్నుమూశారని తేలుతుంది. రాగి మీద చెక్కిన మాట కాబట్టి అందులో ఒక్క మాట కూడా ఎక్కువ లేదు.

ఆయన మరో మనవడు తాళ్లపాక చిన్నన్న రాసిన 'అన్నమాచార్య చరిత్రము' ఇంకో లోకం. ద్విపదలో సాగుతుంది. కుర్రవాడు ఇల్లు విడిచి కొండెక్కుతాడు. మోకాళ్ల పర్వతం దగ్గర అలసి, ఆకలితో సొమ్మసిల్లి పడిపోతాడు. అలమేలుమంగ పెద్ద ముత్తయిదువలా వచ్చి, ఈ కొండ అంతా సాలగ్రామమయం, చెప్పులు విడిచి ఎక్కమని చెప్పి ప్రసాదం పెడుతుంది. ఇప్పటికీ అలిపిరి మెట్లెక్కి పోయేవాళ్లకు మోకాళ్ల మిట్ట దగ్గర కాళ్లు ఎలా పీకుతాయో తెలుసు. ఆ చోటును అంత కచ్చితంగా ఎంచుకుని చిన్నన్న ఈ కథ చెప్పాడు. తర్వాత సాళువ నరసింహరాయలు, దేవుడి మీద పాడినట్టే తన మీద కూడా ఒక పదం పాడమంటే అన్నమయ్య ఒప్పుకోకపోవడం, సంకెళ్లు వేయించడం, అవి ఊడిపోవడం వస్తాయి.

రాగిరేకు తేదీ ఇస్తుంది, ఆ మనిషిని ఇంట్లోవాళ్లు ఎలా తలుచుకున్నారో చిన్నన్న చెబుతాడు. రేకు ఒక్కటే చదివితే అన్నమయ్య ఒక లెక్కగా మిగిలిపోతాడు. కావ్యం ఒక్కటే చదివితే అదంతా జరిగినట్టే నమ్మేస్తాం. రెండూ చేతిలో ఉన్నవాళ్లు తొందరపడి ఏ మాటా తేల్చి చెప్పరు. ఆ ఓపిక అలవాటు కావాలనే మా పట్టుదల.

ఇంకో జత గడియారం వారిది. ప్రొద్దుటూరు గడియారం వేంకటశేషశాస్త్రి గారు శివాజీ మీద 'శివభారతం' కావ్యం రాశారు. అలంపురం గడియారం రామకృష్ణశర్మ గారు శాసనాలు చదివి చరిత్ర రాశారు. ఆయన ఆత్మకథ 'శతపత్రము' దొరికితే వదలకండి. చరిత్రకారుడు తన చరిత్రను ఎలా రాసుకుంటాడో అందులో చూడొచ్చు.

ముందు ఏది చదవాలి, నవలా చరిత్రా?

మా మాటైతే నవలే. అడివి బాపిరాజు 'గోన గన్నారెడ్డి' చదివినవాళ్లు కాకతీయుల చరిత్ర కోసం వాళ్లంతట వాళ్లే వస్తారు. చరిత్రతో మొదలుపెట్టినవాళ్లలో సగంలో ఆపేసినవాళ్లనే ఎక్కువగా చూశాం.

ఉమ్మడి చిత్తూరు జిల్లా ఇంటిపేర్లు ఏమేం ఉన్నాయి?

మధురాంతకం. ఇక్కడివాళ్లకు వేరే పరిచయం అక్కర్లేదు. రాజారాం గారు దామలచెరువులో ఉంటూ, ఇక్కడి పల్లెబళ్లలో పాఠాలు చెబుతూ కథలు రాశారు. బడి పంతుళ్లు, సన్నకారు రైతులు, అప్పులు, పంటలు, చిన్న ఊళ్ల పెద్ద మనుషులు, వీళ్లను గొంతు పెంచకుండా చెప్పే పద్ధతి ఆయనది. 'హాలికులు కుశలమా' ఒక్క కథ చదివినా ఆ సంగతి తెలుస్తుంది. 1993లో ఆయనకు కేంద్ర సాహిత్య అకాదెమీ పురస్కారం వచ్చింది. కొడుకు నరేంద్ర గారు ఇక్కడే ఎస్వీ యూనివర్సిటీలో ఇంగ్లీషు చెప్పారు. దేవదాసీల జీవితాల చుట్టూ అల్లిన ఆయన నవల 'మనోధర్మపరాగం'కు 2022లో అదే పురస్కారం దక్కింది. ఇంకో కొడుకు మహేంద్ర గారు కూడా కథకులే.

ఈ ఇంటిపేరు కింద చరిత్ర పుస్తకం ఏదని అడుగుతారు. మా జవాబు: 'మనోధర్మపరాగం' నవలే, కానీ ఒక కళను బతికించిన ఆడవాళ్లను సంఘం ఎలా చూసింది, కాలం మారినప్పుడు వాళ్లేమయ్యారు అన్నది తెలుసుకోవడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు. ఇక్కడ నియమాన్ని కాస్త సడలించాం, సడలించినందుకు సంతోషిస్తున్నాం.

నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారి పుస్తకాలను కూడా ఇదే తీరున పెట్టాం. 'పచ్చనాకు సాక్షిగా', 'సినబ్బ కథలు', 'మిట్టూరోడి కథలు' మన నోట్లో మాటలతోనే ఉంటాయి. వేరే జిల్లాల నుంచి వచ్చి తిరుపతిలో చదువుకునే పిల్లలకు ఇవి ఇచ్చి, పక్కన కూర్చుని రెండు పేజీలు గట్టిగా చదివి వినిపిస్తాం. చెవికి పట్టుబడ్డాక వాళ్లే చదువుకుంటారు.

ఆడవాళ్ల ఇంటిపేరు పెళ్లితో మారుతుంది కదా, ఏ అరలో పెడతారు?

పుస్తకం మీద ఏ పేరుంటే ఆ అరలో పెడతాం. అయితే పుట్టింటి పేరు కింద ఒక అట్ట చీటీ కూడా నిలబెడతాం. ఈ చీటీ ఎంత అవసరమో భండారు అచ్చమాంబ గారిని చూస్తే తెలుస్తుంది. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' పేరుతో స్త్రీల చరిత్రను గ్రంథంగా రాసిన మనిషి ఆమె. 1902 నాటి ఆమె కథ 'ధనత్రయోదశి'ని తెలుగులో తొలి కథగా లెక్కవేసే విమర్శకులు ఉన్నారు. కథ, చరిత్ర రెండూ ఒక్కచేత్తో రాసి 1905లో చిన్న వయసులోనే వెళ్లిపోయారు. మా నియమం ప్రకారం జత కోసం వెతకాల్సిన పని లేని రచయిత్రి ఆమె.

ఆమె పుట్టింటి పేరు కొమర్రాజు. విజ్ఞాన చంద్రికా మండలిని నడిపిన కొమర్రాజు లక్ష్మణరావు గారు ఆమె తమ్ముడు. పైన చెప్పిన చిలుకూరి వీరభద్రరావు గారి 'ఆంధ్రుల చరిత్రము'ను అచ్చు వేసింది ఆ మండలే. చారిత్రక నవలలకు పోటీలు పెట్టి రాయించింది కూడా ఆ మండలే. కొమర్రాజు అరలో ఆ ఒక్క అట్టముక్క లేకపోతే అక్కాతమ్ముళ్లిద్దరూ ఎవరికెవరో అన్నట్టు చెరో మూల ఉండిపోయేవారు.

దత్తత పోయినవాళ్ల సంగతి?

అదే చీటీ పద్ధతి. గుడిపాటి వెంకట చలం పుట్టింది కొమ్మూరి వారింట. తాతగారికి దత్తత పోయి గుడిపాటి అయ్యారు. డిటెక్టివ్ నవలలతో ఒక తరాన్ని నిద్రపోనివ్వని కొమ్మూరి సాంబశివరావు ఆయనకు దగ్గరి బంధువు. 'మైదానం' చదివినవాళ్లకు ఈ మాట చెబితే ముందు నమ్మరు. శ్రీశ్రీ కూడా పూడిపెద్ది వారింట పుట్టి శ్రీరంగం వారింటికి దత్తత వెళ్లినవారే.

కేటలాగులో వెతికితే దొరకడం లేదు, ఎలా?

తెలుగువాళ్ల పేర్లతో ఇది తీరని తంటా. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. ఇంగ్లీషు పద్ధతిలో కార్డు రాసినవాళ్లు చివరి మాటనే ఇంటిపేరు అనుకుని 'రావు', 'శాస్త్రి', 'రెడ్డి' కింద పడేస్తారు. మాకు చేరిన ఒక పాత కార్డుల పెట్టెలో వీరభద్రరావు గారికి మూడు కార్డులున్నాయి. ఒకటి 'చిలుకూరి' కింద నల్ల సిరాతో, ఒకటి 'వీరభద్ర' కింద టైపులో, మూడోది 'రావు, సి.వి.' అని పెన్సిల్‌తో. మూడు కార్డుల మీదా ఉన్నది ఒకే పుస్తకం, పక్కనున్న నంబరు కూడా ఒకటే.

కాబట్టి ఇంటిపేరుతో వెతకండి, దొరక్కపోతే అసలు పేరుతో, అదీ కాకపోతే పుస్తకం పేరుతో. వర్ణక్రమం కూడా మార్చి చూడండి: తాళ్లపాక, తాళ్ళపాక, అడివి, అడవి. బాపిరాజు గారి నవలల్లో 'అడవి శాంతిశ్రీ' అని ఒకటి ఉంది. అందులో అడవి ఆయన ఇంటిపేరు కాదు, నాగార్జునకొండ శాసనాల్లో కనిపించే ఇక్ష్వాకు రాజకుమారి పేరులోది. విశ్వనాథ సత్యనారాయణ గారి అర దగ్గర సినిమా దర్శకులు కె. విశ్వనాథ్ గారి గురించి అడిగేవాళ్లున్నారు. దర్శకుల ఇంటిపేరు కాశీనాథుని, విశ్వనాథ్ ఆయన అసలు పేరు.

పాత పుస్తకాల భాష కష్టంగా ఉంది. ఏం చేయాలి?

వీరభద్రరావు గారి చరిత్ర గ్రాంథికంలో ఉంది. అరసున్నాలు, బండిరాలు, అరపేజీ పొడవు సంధులు. మొదటి పది పేజీలు గట్టిగా చదవండి, కళ్లు ఆగిన చోట చెవి సాయం చేస్తుంది. శాసనాల పాఠాలు వచ్చిన చోట మొదటిసారి దాటేసి, కథనం పూర్తయ్యాక వెనక్కి రండి. ద్విపద మాత్రం చూసినంత కష్టం కాదు. రెండేసి పాదాలుగా నడుస్తుంది, పాడుకోవచ్చు. తిరుపతివాళ్లకు అన్నమయ్య పాటలు చిన్నప్పటి నుంచీ చెవిలో ఉన్నవే కాబట్టి చిన్నన్న దగ్గర ఇబ్బంది పడరు.

ఈ పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి?

తాళ్లపాక వారివి దేవస్థానం ప్రచురణల దుకాణాల్లో అందుబాటు ధరకే దొరుకుతాయి. దేవస్థానం ఈ-పుస్తకాల్లో చాలా వాటిని ఉచితంగా చదువుకోవచ్చు. వీరభద్రరావు గారి చరిత్ర తెలుగు వికీసోర్స్‌లో ఉంది. పాత ముద్రణల కోసం ఎస్వీ యూనివర్సిటీ లైబ్రరీ, చిత్తూరులోని జిల్లా కేంద్ర గ్రంథాలయం చూడండి. ఇప్పటి రచయితలవి దయచేసి కొనండి.

మొత్తం పుస్తకం జిరాక్స్ తీసుకోవచ్చా?

రచయిత పోయిన ఏడాది తర్వాత 60 ఏళ్ల దాకా హక్కులు ఉంటాయి. వీరభద్రరావు గారు 1939లో, ప్రభాకరశాస్త్రి గారు 1950లో, బాపిరాజు గారు 1952లో పోయారు. వాళ్ల రచనలను ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. విశ్వనాథ వారు పోయింది 1976లో, ఆయన హక్కులు 2036 చివరిదాకా ఉంటాయి. రాజారాం గారివి 2059 దాకా. ఈ పుస్తకాలను జిరాక్స్ కోసం అడిగితే ఇవ్వం, కూర్చుని చదువుకోవడానికి ఎప్పుడైనా ఇస్తాం.

మా ఇంటిపేరుతో ఏ పుస్తకమూ లేదు. మేం చేరొచ్చా?

మాలో చాలామంది ఇంటిపేర్లతో కూడా లేవు. ఎవరి ఇంటిపేరూ మేం అడగం. మీ అవ్వ చెప్పిన ఊరి సంగతులు, మీ తాత రాసుకున్న దినచర్య పుస్తకం లాంటివి ఏమైనా ఉంటే తెచ్చి చూపించండి. అట్ట వేసి, పురుగు పట్టకుండా ఎలా దాచుకోవాలో చెప్పి మళ్లీ మీ చేతికే ఇస్తాం.

తర్వాత ఏ ఇంటిపేరు?

దాశరథి. రంగాచార్య గారి నవలలు 'చిల్లరదేవుళ్లు', 'మోదుగుపూలు', వాటితో పాటు కృష్ణమాచార్య గారి ఆత్మకథ 'యాత్రాస్మృతి'. నిజాం పాలన మీద అన్నదమ్ములిద్దరి సాక్ష్యం ఇది, ఒకటి కల్పనగా, ఒకటి సొంత అనుభవంగా. రాయలసీమ పిల్లలకు తెలంగాణ పోరాటం పాఠ్యపుస్తకంలో ఒక పేరాగా తప్ప తెలియడం లేదు కాబట్టి ఇది ఎంచుకున్నాం. 'మోదుగుపూలు' ప్రతులు మా దగ్గర తక్కువ ఉన్నాయి. మీ ఇంట్లో ఉంటే ఆ నెలకు అరువివ్వండి, పేరు రాసి రసీదు ఇస్తాం.